పది అడుగుల బండిలో నాలుగో చోటు

గీతలో మొదటి రోజు

ఈ ఉదయం మా ఇంటిని నేల మీద గీశాను. పది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు. నూకాలు వదిన నిన్నంతా కూర్చుని ఎండు గుల్లలు దంచి, నా పాత ఓణీలో జల్లించి పిండి చేసి పెట్టింది. ఈ పాత విమానాల రన్‌వే సిమెంటు మీద అది నిలవదేమోనని భయపడ్డాను. ముందు తడిగుడ్డతో తుడిచి, ఆ తడి మీదే పోస్తే అంటుకుంది.

మా ఎడమవైపు ఇరవై ఇళ్లు, కుడివైపు ఇరవై. అన్నీ గీతలే, ఒక్కదానికీ గోడ లేదు. పైన మాత్రం రన్‌వే పొడుగునా ఆకుపచ్చ నీడగుడ్డ కట్టారు. ఏడు రోజులు ప్రతి కుటుంబం తను గీసుకున్న బండిలో బతికి చూపించాలి. ఎనిమిదో రోజు అప్పన్న మేస్త్రి ఆ గీతల ప్రకారం ఖాళీ బండిలో మంచాలూ పెట్టెలూ అతికిస్తాడు. ఒకసారి అతికించాక మార్పు ఉండదు. ఆ తర్వాత ఘాటీ రోడ్డు ఎక్కి కొండల మీదికి పోవాలి. అక్కడ ఇల్లు కట్టనివ్వరు, బండి ఆపుకోనిస్తారు. అదీ ఒక్కో చోట ఇరవై రోజులు. కింద మా పేట మీదికి సముద్రం వచ్చి రెండేళ్లయింది.

మేం నలుగురం. నేను, నా మొగుడు గురువులు బావ, మూడేళ్ల మా పాప పైడి, బావకి అప్ప, అంటే అక్క, అయిన నూకాలు వదిన. వదినకి ముప్పయ్యారేళ్లు. ఎత్తు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. పడవకీ గట్టుకీ మధ్య నలిగి ఆమె కుడి మోకాలు వంగదు.

బండిలో మనిషికి ముప్పై లీటర్ల చొప్పున నీళ్ల పీపా ఉండాలి. నలుగురికి నూట ఇరవై. అది నిలబెట్టే ఉండాలి, మంచం కింద దాచకూడదు, కారితే కనబడాలి. పొయ్యిపెట్టె, మరుగు గది, తలుపు కొలతలు కూడా ఆఫీసువాళ్లవే. మిగిలిన జాగా మాది. పైకప్పు నాలుగున్నర అడుగులే కాబట్టి అటక కుదరదు. ఊయలలు నిరుడే వద్దన్నారు.

"అడ్డమంచం ఏసేద్దాం. నలుగురం వరసగా తొంగుందాం. పడవలో అలగే కదా," అన్నాడు బావ.

"నీ పడవలో ఈ గుంటని ఎప్పుడైనా తొంగోబెట్టినావేట్రా? మలుపు తిరిగితే ఒకలి మీద ఒకలం పడతాం. అందరి కింద నివ్వుంటావు, అదొకటే నాకు సంతోషం," అంది వదిన.

అయినా మొదట అడ్డమంచమే గీశాం.

ఇది నా సొంత నోటుపుస్తకం. ఆఫీసువాళ్లు ఇచ్చిన దినచర్య పుస్తకం వేరు. ఇంట్లో చదువు వచ్చినవాళ్లు అది రాయాలి. మా ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దున్న పదింటి నుంచి నాలుగింటి దాకా ఎండకి అందరూ నిద్రపోయే వేళలో మూడుసార్లు గంట కొడతారు. గంట కొట్టినప్పుడు రాసే మనిషి లేచి, ఎవరు ఏ గీత దాటి ఉన్నారో చూసి రాయాలి. సాయంత్రం గుమస్తా వచ్చి ఆ పేజీ మీద ముద్ర వేస్తాడు.

కొలతల అధికారి విశాలాక్షి గారు వరస మొదట్లో నిలబడి అందరికీ ఒకే మాట చెప్పారు. "ఉన్నది ఉన్నట్టు రాయండి. అంతే."

గంట కొట్టిన మూడుసార్లూ వదిన మడమలు కుడిగోడ గీత దాటి ఉన్నాయి. టేపు పెట్టి చూశాను. మూడు అంగుళాలు. రాశాను.

రెండో రోజు

ఇక్కడ కొన్ని అలవాట్లు వాటంతట అవే పుట్టాయి. గోడ లేకపోయినా ఎవరూ ఎవరి గీతల్లోకీ చూడరు. గుడ్డలు మార్చుకునేటప్పుడు పక్కింటివాళ్లు నీడగుడ్డ వైపు చూస్తూ మాట్లాడతారు. లోపలికి రావాలంటే తలుపు గీత దగ్గర నిలబడి నోటితో టకటకమనాలి. పైడికి అది బాగా నచ్చింది. పొద్దున్నుంచి బయటికి పోయి టకటకమంటూ వస్తోంది. ఒకసారి తలుపు తియ్యడం మరిచిపోయి వచ్చేసింది.

"అయ్యో, ముక్కు పగిలిపోనాదే," అంది వదిన. పైడి వెంటనే ముక్కు పట్టుకుని నిజంగానే ఏడ్చింది. వదిన గాలిలో తలుపు తీసి దాన్ని మళ్లీ లోపలికి రప్పించి, ముక్కు ఊది, పక్కన పడుకోబెట్టుకుంది. పైడి వదిన దగ్గర తప్ప నిద్రపోదు. పుట్టినప్పటి నుంచీ అంతే.

ఈ రోజు కూడా మూడుకి మూడుసార్లు. మూడేసి అంగుళాలు.

పుస్తకంలో కొలత రాయమని ఎవరూ అడగలేదు. దాటారా లేదా అని రాస్తే చాలు. నేను కొలత రాశాను, మోకాలి సంగతి రాశాను, పక్కన చిన్న బొమ్మ కూడా వేశాను. లెక్కల టీచరు వరలక్ష్మి గారు జవాబు తప్పినా చేసిన దారి చూపిస్తే సగం మార్కులు వేసేవారు. ఆఫీసు వెనక పన్నెండడుగుల బండ్లు కొన్ని ఉన్నాయి. మా ఇబ్బంది ఇంత స్పష్టంగా చూపిస్తే వాటిలో ఒకటి మాకు ఇస్తారని నా ఆశ.

బావ నేను రాస్తుంటే భుజం మీంచి చూశాడు. చదవలేడు, కానీ బొమ్మ అర్థమైంది.

"అప్ప కాళ్లేటి అలగేసినావు? బయటికి?"

"బయటికే ఉన్నాయి బావా."

"ఉంటే ఉన్నాయి. రాయాలేటి? పక్కింటోల్లు అందరూ లోపలే అని రాసుకుంటన్నారట."

"వాళ్లు అబద్ధం రాస్తే మనం రాయాలా? రేపు ఘాటీ మలుపులో ఆ కాళ్లు నిజంగా ఇనప గోడకి కొట్టుకుంటాయి."

బావ నాకు చదువు వచ్చు కాబట్టి నాకే తెలుస్తుందని అనుకున్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

మూడో రోజు

తెల్లవారగానే అడ్డమంచం చెరిపేశాం. వదిన చెప్పినట్టు కుడిగోడ పొడుగునా సన్నబల్ల ఆమెకి. ఎడమగోడ పొడుగునా మా మంచం. మధ్యలో పైడి ఒక్కతే నడవగలిగే దారి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. బల్ల కింద బియ్యం, వల, బట్టల మూట. బావ కూడా ఒప్పుకున్నాడు.

అప్పన్న మేస్త్రి మా వరసకి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి మర్యాదగా టకటకమన్నాడు.

"రా బాబూ, కూకో. కుర్చీ గీయమంటావా?" అంది వదిన.

"వొద్దు తల్లీ, మీ జాగా తినేస్తాది," అని నవ్వి టేపు తీశాడు. కుడివైపు పీపాకి మూడడుగులు, పొయ్యిపెట్టెకి ఒకటిన్నర. మిగిలింది అయిదున్నర. వదినకి మళ్లీ మూడు అంగుళాలు చాలవు.

"పీపా కొంచెం సన్నగా చెయ్యలేరా?" అని అడిగాను.

"పీపాలు పైనుంచొస్తాయమ్మా. ముగ్గురిది రెండడుగులు, నలుగురిది మూడడుగులు. మధ్యలో నేదు."

"పొయ్యి బయట పెట్టుకుంటే?"

"పైన గాలి నువ్వు సూళ్లేదు."

అంతే. వదిన పాదాలు ఈ రోజు గోడకి బదులు పొయ్యిపెట్టె గీత మీద ఉన్నాయి. లోపలి గీత దాటినా దాటినట్టే. మూడుసార్లు. రాశాను. బొమ్మ మార్చి వేశాను.

నాలుగో రోజు

ఇంకో ఉపాయం. వదిన బండికి మూలగా పడుకుంటే ఆమెకి పొడుగు చాలుతుంది. మధ్యాహ్నం అలా పడుకోబెట్టాం. ఆమె ఒక్కసారి కూడా గీత దాటలేదు. కానీ బావ రెండుసార్లు తలుపులోంచి సగం బయటికి దొర్లాడు. మూడో గంటకి నేను లేవబోతే నా తలే పీపాలో ఉంది. నవ్వొచ్చింది. బావ చెయ్యి అవతల పక్కింటివాళ్ల పొయ్యిలో ఉంది.

"తియ్యి బావా, పక్కింటోల్ల కూరలో ఏలెట్టినావు," అని నేనంటే లేవకుండానే, "ఉప్పు సాల్లేదు," అన్నాడు.

పక్క గీతల్లోంచి ఎవరో ఆపుకోలేక నవ్వారు. ఈ నాలుగు రోజుల్లో అందరం కలిసి నవ్వింది అదొక్కసారే.

అన్నీ రాశాను. గురువులు మూడు. దమయంతి, అంటే నేను, ఒకటి. నూకాలు సున్నా.

అయిదో రోజు

పొద్దున్న మళ్లీ సన్నబల్లకే వచ్చాం. మూలగా పడుకుంటే ఎవరికీ నిద్ర లేదు. మొదటి రెండు గంటలకీ వదిన పాదాలు పొయ్యి మీదే. మూడో గంటకి ఆమె లేచి పైడికి నీళ్లు పడుతోంది కాబట్టి దాటనట్టు.

సాయంత్రం అప్పన్న మేస్త్రి మళ్లీ వచ్చాడు. ఈసారి టకటకమనలేదు. తలుపు గీత మీదే నిలబడిపోయాడు.

"అమ్మా, మీ పుస్తకం ఆఫీసులో సూసినాను. గుమస్తా అందరికీ సూపిస్తన్నాడు, ఎంత బాగా రాసిందో అని. ఏటమ్మా అలగ రాసినావు?"

"ఏం?"

"ఇరవయ్యొక్కసార్లలో ఏడుకి మించి దాటినోళ్లు బండికి సరిపడనోళ్లు. కొట్టేస్తారు."

"కొట్టెయ్యడమంటే?"

"బండిలోంచి పేరు కొట్టేసి కట్టపనికి పంపుతారు. ఒంటి మనుషుల లారీలో."

కట్టపని అంటే సముద్రానికి అడ్డంగా రాళ్లు పోయడం. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రారని నేను అనలేను. వచ్చినవాళ్లని మాత్రం ఇంతవరకు చూడలేదు.

లెక్క పెట్టడానికి నాకు పుస్తకం అక్కర్లేకపోయింది. మూడు, మూడు, మూడు, సున్నా, రెండు. పదకొండు. ప్రతి పేజీ మీదా ముద్ర ఉంది.

"ఏడని ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"సెప్తే అందరూ ఆరు రాస్తారు కదమ్మా," అన్నాడాయన. ఆయన తప్పేమీ లేదు. అప్పుడే గుర్తొచ్చినట్టు, వెళ్లేటప్పుడు తలుపు మూసినట్టు చెయ్యి తిప్పి వెళ్లాడు.

వదిన బల్ల మీద కూర్చుని అంతా విన్నది. తర్వాత, "నా గురించి రాసిందంతా సదువు," అంది.

నేను నా నోటుపుస్తకంలోంచి చదివాను. మొదటి రోజు నుంచి. మడమలు, అంగుళాలు, మోకాలు ఎప్పుడు ఎలా నలిగిందో, పొయ్యి గీత మీద కుడి పాదం ఎంత, ఎడమ పాదం ఎంత.

"మా అమ్మకి కూడా తెలీదే నా కాళ్ల గురించి ఇంత," అంది. ఎగతాళి చేస్తోందనుకున్నాను. కాదు. "నివ్వు పది పరీచ్చకి ఎల్తే నీ గిన్నెలన్నీ ఎవులు తోమినారు? సదువుకోనీరా అని నీ మొగుడికి ఎవులు సెప్పినారు? నాను తొంగుంటే లెక్కెట్టడానికేనా?"

"వదినా, పెద్ద బండి ఇస్తారని..."

"ఎవులు సెప్పినారు ఇస్తారని?"

ఎవరూ చెప్పలేదు. బావ లేచి ఆమె పక్కన కూర్చోబోతే విదిలించుకుంది.

"నాను రానని ఎప్పుడైనా అన్నానేట్రా? ముసిల్దాన్నా? రోగమా? కొండ మీద నాకూ బతకాలని ఉంది. ఆ గుంట పెద్దదవుతుంటే సూడాలని ఉంది. మూడంగుళాలకి నన్ను రాళ్లు మోయమంటారా?"

పక్క గీతల్లో అందరూ నీడగుడ్డ వైపు చూస్తున్నారు.

ఆరో రోజు

వదిన ఈ పగలంతా పడుకోలేదు. బల్ల మీద నిటారుగా కూర్చుని, వీపు పీపాకి ఆనించి, కుడికాలిని పైటకొంగుతో బల్లకి కట్టేసుకుంది. మూడు గంటలకీ లోపలే ఉంది. మూడుసార్లూ కళ్లు తెరుచుకుని నా వైపే చూస్తోంది.

నేను రాశాను: నూకాలు, లోపల. నూకాలు, లోపల. నూకాలు, లోపల. కొలతలు రాయలేదు.

సాయంత్రం పుస్తకం పట్టుకుని విశాలాక్షి గారి దగ్గరికి వెళ్లాను. ఆఫీసు ఒక పాత రేకుల గది. ఆమె నన్ను కూర్చోమన్నారు, మంచినీళ్లు ఇచ్చారు. నేను మోకాలి సంగతి, మూడు అంగుళాల సంగతి, పీపా సంగతి అన్నీ చెప్పాను. ఆమె ఓపిగ్గా విన్నారు.

"మీరు చెప్పేవన్నీ పుస్తకంలో ఉన్నాయమ్మా. అందుకే నాకు బాధగా ఉంది," అన్నారు.

"పన్నెండడుగులది ఒకటి..."

"అవి సిబ్బందికి."

"మా వరసలో చాలామంది అబద్ధం రాశారు మేడమ్."

ఈ మాట అన్నాకే అది పక్కింటివాళ్ల మీద చాడీ అని తోచింది. ఆమె కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"తెలుసు. నలభై పుస్తకాల్లో అందరూ ఎప్పుడూ లోపలే. మీదొక్కటే చదవదగ్గ పుస్తకం. కానీ ముద్రపడ్డ పేజీని నేనెలా కాదనను?"

ఏడో రోజు

ఈ రోజు కూడా వదిన కూర్చునే ఉంది. మధ్యలో ఒకసారి తల వాల్చేసింది. కాలు మాత్రం కదలలేదు. కొంగు ముడి చర్మంలోకి దిగి చీలమండ దగ్గర నల్లగా కమిలింది. పైడి ఆమె ఒళ్లో తల పెట్టి పడుకుంది. రెండో గంటకి నేను లేచినప్పుడు వదిన తన అరచేతిని పైడి కళ్లకి అడ్డం పెట్టింది, నేను దానికి కనబడకుండా.

నాలుగింటికి విశాలాక్షి గారు గుమస్తాతో వచ్చారు. తలుపు గీత బయటే నిలబడి చదివారు. నూకాలు, పదకొండు. సరిపడరు. ముగ్గురి నమూనా. తొంభై లీటర్ల పీపా. లారీ రేపు సాయంత్రం.

బావ ఆమె కాళ్ల మీద పడ్డాడు. ఆమె వెనక్కి జరిగి, "లేవండి, లేవండి," అన్నారు. గుమస్తా అతన్ని లేపాడు.

వదిన కాలి ముడి విప్పుకుని, ఏడు రోజుల్లో మొదటిసారి తలుపు తియ్యకుండా గోడ గీత మీంచే నడిచి వెళ్లిపోయింది.

ఎనిమిదో రోజు

ఘాటీ నుంచి కబురు వచ్చింది. మాకంటే ముందు ఎక్కిన విడతలో రెండు బండ్లు మూడో మలుపు దగ్గర పడిపోయాయి. ఒకదాంట్లో అయిదుగురికి జాగా అని రాసుకుని ఏడుగురు ఉన్నారట. ఆ పుస్తకంలో కూడా అందరూ లోపలే.

మధ్యాహ్నం నన్ను పిలిచారు. విశాలాక్షి గారి కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆమె బల్ల మీద నా పుస్తకం తెరిచి ఉంది, బొమ్మ ఉన్న పేజీ.

"ఇకనుంచి కుటుంబాల చేత రాయించం. మనవాళ్లే వరసకిద్దరు బయట కూర్చుని రాస్తారు. మీరు చేరతారా? సిబ్బంది బండి పన్నెండడుగులు. నలుగురి పీపా. మీ వదినగారు కూడా పడతారు."

నేను ఏం రాయాలో అడగలేదు. నాకు తెలుసు.

"ఆఖరి విడత దాకా ఇక్కడే ఉండాలి. తుఫాన్లు వచ్చినా. ఆలోచించుకుని..."

"చేరతాను," అన్నాను.

బయటికి వస్తుంటే లారీ దగ్గర ఒంటి మనుషులని వరసలో నిలబెట్టి పేర్లు పిలుస్తున్నారు. వదిన ఆ వరసలో ఉంది. అందరికంటే పొడుగు కాబట్టి దూరం నుంచే కనిపించింది. నేను పరిగెత్తి వెళ్లి కాగితం చూపించాను. ఆమెకి చదవడం రాదు.

"ఏటది?"

"నువ్వు మాతోనే ఉంటావు. పెద్ద బండి ఇచ్చారు. నాకు ఉద్యోగం ఇచ్చారు."

"ఏటి ఉద్యోగం?"

చెప్పాను. వరసలో ఆమె ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ కూడా విన్నారు. వదిన చాలాసేపు నా మొహం చూసింది. గుమస్తా లారీ జాబితాలోంచి ఆమె పేరు కొట్టేసి, "తప్పుకోమ్మా, లైను కదలాలి," అన్నాడు. అప్పుడు తప్పుకుంది.

రెండో విడత, మొదటి రోజు

నేను చూస్తున్నది ఇది రెండో విడత. కొత్తగా నలభై కుటుంబాలు వచ్చాయి. గుల్ల పిండి ఎలా అంటించాలో వాళ్లకి నేనే చూపించాను. నా పుస్తకంలో పేజీ ఒకటి పెద్దది చేసి రేకుల గది గోడకి అంటించారు, రాసేవాళ్లకి నమూనాగా. వదిన పేరు ఉన్నచోట కాగితం అతికించారు. మూడు అంగుళాలు మాత్రం అలాగే ఉంది.

మా పన్నెండడుగుల బండి నిజం బండి. నాలుగు ఇనప గోడలు. వదిన బల్ల ఆరడుగులు. ఆమె తిన్నగా కాళ్లు చాపి పడుకుంటుంది. నాతో మాట్లాడదు. బావతో, పైడితో మాట్లాడుతుంది. నేను లోపలికి రాగానే ఆపేస్తుంది.

రెండో విడత, మూడో రోజు

నాతో పాటు మా వరసకి రాసే అతను చంద్రమౌళి. అవతలి చివర కూర్చుంటాడు. గంట కొట్టినప్పుడు ఇద్దరం ఎదురెదురుగా నడిచి మధ్యలో దాటుకుంటాం.

పదిహేనో ఇంట్లో అప్పలనరసయ్య అని ఒక ముసలాయన ఉన్నాడు. నిద్రలో చెయ్యి బయటికి చాస్తాడు, ఎవరికో ఏదో అందిస్తున్నట్టు. ఈ రోజు మూడో గంటకి ఆయన చేతిని నేను రాయలేదు. పాదంతో మెల్లగా లోపలికి తోశాను కూడా.

చంద్రమౌళి రాశాడు. సాయంత్రం రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి విశాలాక్షి గారు నన్ను చూశారు. కోపం లేదు.

"మొదటిసారి కాబట్టి ఊరుకుంటున్నాను దమయంతీ. మీ నాలుగో చోటు ఈ పనికి ఇచ్చింది. పని లేకపోతే చోటు లేదు. మూడో మలుపు మరిచిపోకండి."

మూడో మలుపు నేను మరిచిపోలేదు. అక్కడ పడినవాళ్లలో ఇద్దరు పిల్లలు. అబద్ధం రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు, నిజం రాస్తే ఏమవుతుందో కూడా తెలుసు. రెండింటి మధ్యా ఇంకో పద్ధతి ఉండాలి. బడిలో అయితే మూడోది ఉంటుందని చెప్పేవారు. ఇక్కడ నాకది కనబడలేదు.

రెండో విడత, అయిదో రోజు

ఇరవయ్యో ఇంటామె నా దగ్గరికి వచ్చింది. చంకలో పసిపిల్ల.

"అమ్మా, నీ కాలట్టుకుంటాను. మా ఆయన సెల్లెలు. కడుపుతో ఉంది. బోర్లా తిరగలేదు కదా, పక్కకి జరిగిపోతంది. అదేటి అది కావాలని సెయ్యదు."

"తెలుసు."

"మరి రాయకు."

"నేను రాయకపోతే అతను రాస్తాడు."

"అతనికి సెప్పు."

"అతనికీ ఇంట్లో నాలుగో మనిషి ఉందమ్మా." ఇది నిజమే. అతని అమ్మ.

ఆమె నా వైపు చూసి, "నీ ఇంట్లోనో?" అంది. నేను గంట కొట్టే వేళ అయిందని చెప్పాను. అవలేదు.

రెండో విడత, ఏడో రోజు

ఈ రోజు ఈ విడతకి ఆఖరు. పేర్లు చదివారు. మా వరసలో నలుగురు సరిపడలేదు. లారీ రన్‌వే చివర ఆగి ఉంది. అది కదిలేదాకా నిలబడమన్నారు, ఎవరైనా గొడవ చేస్తే పుస్తకం చూపించడానికి. ఎవరూ గొడవ చెయ్యలేదు. పుస్తకంలో అంత వివరంగా ఉంటే చెయ్యడానికి ఏముంటుంది.

బండికి వచ్చేసరికి చీకటి పడలేదు ఇంకా. బావ నీళ్లకి వెళ్లాడు. పైడి గోడ మీద వేలితో ఏవో గీస్తోంది. వదిన పొయ్యి దగ్గర కూర్చుని గంజి వారుస్తోంది. నేను చెప్పులు విప్పి కూర్చున్నాను. ఆమె గిన్నె కింద పెట్టి, ఏడు రోజుల తర్వాత నాతో మాట్లాడింది.

"ఇయ్యాల ఎంతమంది?"

"నలుగురు వదినా."

"లెక్క కాదు. పేర్లు సెప్పు."

ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. చెప్పడం మొదలుపెట్టాను. "సూరాడ అప్పలనరసయ్య."

"సూరాడ అప్పలనరసయ్య," అంది వదిన, పాఠం ఒప్పజెప్పుతున్నట్టు నెమ్మదిగా.

"కోరాడ పోలిరాజు."

"కోరాడ పోలిరాజు. ఎన్నేల్లు?"

"పందొమ్మిది. చాలా పొడుగు."

ఆమె తల ఊపింది. "మూడోది?"

"మైలపల్లి ముత్యాలు. కడుపుతో ఉంది. నాలుగోది గరికిన..."

"ఆగు. నాకు సదువు నేదు, నివ్వు రాసి మరిచిపోతావు, నాను మరిచిపోకూడదు. మూడోది మల్లీ సెప్పు."

పైడి గీయడం ఆపి మా ఇద్దరినీ చూస్తోంది.

"మైలపల్లి ముత్యాలు," అన్నాను.

"ఇంకోసారి," అంది వదిన.